నిండు కొమ్ము

మా వదినగారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారట. మా వారు షూస్ వేసుకుంటూ "అక్కా, వెళ్ళొస్తా" అన్నారట. జవాబు రాలేదు. నేను అప్పటికే ఆఫీసులో ఉన్నాను. ఫోన్‌లో ఆయన "అక్క..." అని ఆగిపోయారు. తర్వాతి మాట ఆయన చెప్పనక్కరలేకపోయింది. పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి మేముండే అరోరా ఊరంతా మంచి ఎండ. ఇంత చక్కటి వెలుతురున్న రోజు ఆవిడ లేసు పని చెయ్యకుండా ఎలా ఉన్నారా అనిపించింది. మనిషి లేరన్న సంగతి మనసుకి ఎక్కింది ఆ తర్వాతే.

మీలో ఎవరూ ఆవిడని ఎరగరు. ఆవిడ మా వారికి అక్క, నాకు ఆడపడుచు. ఆడపడుచుని తలచుకుంటూ మరదలు రాయడమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. పదేళ్ళకి పైగా ఒకే వంటింట్లో మసిలాం. పోట్లాటలు లేకపోలేదు. కానీ ఈ దేశంలో నేను చూసిన గెలుపుల్లో ఆవిడ గెలుపు లాంటిది ఇంకొకటి లేదు. దాన్ని చెప్పడానికే రాస్తున్నాను.

మా అత్తవారిది నరసాపురం దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. అక్కడ ఆడవాళ్ళు లేసు అల్లుతారు. వదినగారు చిన్నప్పుడే సూది పట్టారు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మళ్ళీ అదే సూదితో తమ్ముణ్ణి ఇంజనీరింగ్ దాకా చదివించారు. మాకు పాప పుట్టాక, పందొమ్మిదివందల డెబ్బైలు ముగుస్తున్న రోజుల్లో, మా వారు ఆవిణ్ణి ఇక్కడికి రప్పించారు. విమానాశ్రయంలో ఆవిడ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చారు. చీర మీద మా వారి పాత కోటు, చెప్పుల్లో మగవాళ్ళ సాక్సు. నన్ను చూడగానే "చిక్కిపోయావేంటమ్మాయ్" అన్నారు. నేను అప్పటికి బాగా ఒళ్ళు చేసి ఉన్నాను. అది ఆవిడ పలకరింపు, అంతే.

మొదటి మంచు పడినప్పుడు అందరూ ఆవిడకి ఒకటే మాట చెప్పారు, చూడండి లేసులా ఉందని. ఆవిడ అరచేతిలోకి కాస్త తీసుకుని చూశారు. "ఇది కరిగిపోతుంది. లేసు ఉతికితే మళ్ళీ కొత్తదవుతుంది" అని చెయ్యి దులుపుకున్నారు.

పగలంతా ఆవిడకి తోచదేమోనని ఒక శనివారం క్రాఫ్ట్ స్టోర్‌కి డ్రైవ్ చేసి తెల్లదారం ఉండలు, లేసు సూదులు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాను. ఆవిడ ఒక సూది తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. మళ్ళీ సంచిలో వేసి, మూతి ముడివేసి, నాకే ఇచ్చేశారు.

"మంచి దారమే. నాకొద్దమ్మాయ్."

"అదేంటి వదినా, మీకింత బాగా వచ్చు కదా!"

"వచ్చు కనకే వద్దు. అంట్లు తోమమను, తోముతా. పాపని ఎత్తుకోమను, రోజంతా ఎత్తుకుంటా. సూది మాత్రం పట్టుకోమనకు."

సంచి నా అలమరలో పై అరకి చేరింది. ఇంకోసారి, ఇద్దరం బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, ఆవిడంతట ఆవిడే చెప్పుకొచ్చారు.

వాళ్ళ ఊళ్ళో లేసు ఒకరు మొదలుపెట్టి వాళ్ళే ముగించే పని కాదు. ఒక ఇంట్లో ఆకులు చేస్తారు. ఒక ఇంట్లో పువ్వులు. పక్క వీధిలో చిన్న చిన్న గుండ్రాలు. ముక్కలన్నీ పోగుచేసి అతికేవాళ్ళు వేరే ఊరివాళ్ళు. అతికిన బట్ట పెట్టెల్లోకెక్కి ఓడలో వెళ్ళిపోతుంది. వాళ్ళింటికి వచ్చిన ముక్క కొమ్ము. సన్నటి తోకతో మొదలై, మెలి తిరుగుతూ లావై, చివర నోరు తెరుచుకునే కొమ్ము. వాళ్ళమ్మ అదే అల్లింది. ఈవిడా అదే అల్లారు. ఆ నోట్లోంచి ఏం రావాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"అడగలేదా మీరు?"

"అడిగా. 'నీకెందుకే, కుట్లు చూసుకో' అంది మా అమ్మ. మేం పిల్లలం అరుగు మీద కూర్చుని అదే కొట్లాట. నేను బూర అనేదాన్ని. గుళ్ళో ఊదుతారే, కొమ్ముబూర, అదీ. దాంట్లోంచి పాట వస్తుంది, ఆ పాటని పువ్వుల్లాగా కుడతారు కాబోలు అనుకునేదాన్ని. దారంతో పాటని ఇంకెలా చూపిస్తారు చెప్పు? గుండ్రాలు చేసే పిల్ల ఒకత్తె ఉండేది. అది శనగల పొట్లం అనేది." ఆవిడ నవ్వారు. నవ్వుతూనే వేళ్ళు చూసుకున్నారు. కుడి చూపుడువేలి మీద దారం ఒరుసుకున్న గాడి, చర్మంలో దిగిపోయిన గీతలా ఉండేది. "ఎన్ని కొమ్ములు అల్లానో దేవుడికే తెలియాలి. ఒక్కటీ నిండింది చూళ్ళేదమ్మాయ్. అందుకే సూదంటే నాకు విసుగు."

ఆ తర్వాత నేనెప్పుడూ ఆ సంచి ఊసెత్తలేదు.

మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసి, చనిపోయాడు. పిల్లలు దూరాల్లో ఉన్నారు. మా పాప ఆవిణ్ణి గ్రాండ్‌మా అనేది. పాప కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడు, నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగకి మమ్మల్ని భోజనానికి పిలిచారు. వదినగారు గంజి పెట్టిన చీర కట్టుకుని, పులిహోర గిన్నె చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి వచ్చారు.

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. టర్కీ, చిలగడదుంపలు, రొట్టెలు, గిన్నెలు, కొవ్వొత్తులు. మేం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. వదినగారు కూర్చోలేదు. పులిహోర గిన్నె చేతిలోనే ఉంది. బల్ల అంచున వేలాడుతున్న గుడ్డ కేసి చూస్తున్నారు.

"అక్కా, కూర్చో" అన్నారు మా వారు.

ఆవిడ గిన్నె నా చేతికిచ్చి వంగారు. గుడ్డ అంచు పైకి తీసి బొటనవేలితో తడిమారు. లేసు అంచు అది. మూల దగ్గర ఒక కొమ్ము. ఆవిడ వేలు తోక దగ్గర ఆగింది.

"ఇది మా వీధి ముడి" అన్నారు.

"ఏంటి వదినా?"

"తోక చివర ఈ ముడి చూడు. దారం తెగ్గొట్టకుండా వెనక్కి తిప్పి బిగిస్తాం. మా వీధివాళ్ళే ఇలా చేస్తారు. నాది కాకపోవచ్చు, మా అమ్మది కాకపోవచ్చు. కానీ మావాళ్ళది."

వేలు తోక నుంచి మెలికల మీదుగా పైకి వెళ్ళింది. కొమ్ము నోటి దాకా వచ్చి, నోరు దాటింది. అక్కడ గుత్తులు గుత్తులుగా ద్రాక్షపళ్ళు. వాటి కింద ఆపిల్ పండు. పక్కన గోధుమ కంకులు వంగి ఉన్నాయి. ఒక బేరిపండు అంచు దాటి కిందికి జారబోతున్నట్టు ఉంది. మిగిలిందంతా పళ్ళేల కిందకి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్!" ఆవిడ గొంతు ఎప్పుడూ అంత పైకి లేవగా వినలేదు. "ఇది నిండుంది! ఇది నిండుందమ్మాయ్!"

ఎదురింటి పెద్దావిడ కంగారుగా లేచారు. ఏం జరిగింది, ఒంట్లో బాగోలేదా అని అడిగారు. నేను నాకు చేతనైనట్టు చెప్పాను. ఈ కొమ్ము ముక్కని ఈవిడ చిన్నతనమంతా అల్లారు, మొత్తం బట్ట ఎలా ఉంటుందో ఇప్పుడే మొదటిసారి చూస్తున్నారు, అని. పెద్దావిడ తనూ గుడ్డ అంచు పట్టుకుని చూశారు. ఆ గుడ్డ తన పెళ్ళికి మేనత్త ఇచ్చిందట. బెల్జియం నుంచి వచ్చిందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళట.

ఆ తర్వాత పెద్దావిడ చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు కొవ్వొత్తులు ఆర్పారు. టర్కీ పళ్ళెం రెండు చేతులా ఎత్తి వంటింటి గట్టు మీద పెట్టొచ్చారు. చిలగడదుంపలు, రొట్టెలు, గ్రేవీ గిన్నె, ఒకటొకటిగా అన్నీ తీసేశారు. మా వారికీ నాకూ ఏం చెయ్యాలో తోచక మేమూ మొయ్యడం మొదలుపెట్టాం. ఉప్పుబుడ్డి కూడా మిగల్చలేదు. ఖాళీ అయిన బల్ల దగ్గరికి వదినగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగారు.

నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. నాలుగూ లోపలికి తిరిగి, మధ్యలోకి పళ్ళు గుమ్మరిస్తున్నాయి. మధ్యలో అవన్నీ కలిసి ఒక పెద్ద చక్రమై ఉన్నాయి. వదినగారు బల్ల చుట్టూ నడిచారు. ఆగి, ఇంకోవైపు నుంచి నడిచారు. పళ్ళేలన్నీ వంటింట్లో చల్లారుతుంటే ఆ ఇంట్లో ఎవరూ తినడం గురించి మాట్లాడలేదు.

"దీన్నేమంటారు?" అని అడిగారు చివరికి.

హార్న్ ఆఫ్ ప్లెంటీ, అంటే సిరుల కొమ్ము, అన్నారు పెద్దావిడ. కథ కూడా చెప్పారు, నేను తెలుగులో చెబుతూ వచ్చాను. గ్రీకుల పెద్ద దేవుడు పసివాడుగా ఉన్నప్పుడు, కన్నతండ్రే మింగేస్తాడన్న భయంతో వాళ్ళమ్మ అతన్ని ఒక గుహలో దాచింది. అక్కడ ఒక మేక పాలిచ్చి పెంచింది. ఆ పిల్లవాడు ఆడుకుంటూ ఆడుకుంటూ మేక కొమ్ము విరగ్గొట్టేశాడు. ఆ కొమ్ముకి వరమిచ్చాడు, ఎవరేం కోరితే అది ఎప్పటికీ తరగకుండా వస్తుందని.

"మేక కొమ్మా!" వదినగారు చేత్తో నోరు మూసుకుని నవ్వారు. "నేను బూరనుకున్నానే!" తర్వాత నవ్వు ఆపి అడిగారు. "పాలిచ్చిన మేక కొమ్ము విరిగింది కదా. ఆ మేకకి ఎవరైనా మందు రాశారా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎదురింటి పెద్దావిడ గుడ్డ మీది కొమ్ము కేసి చూశారు. "ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆ మేక గురించి అడగలేదు" అన్నారు.

మా పాప మధ్యలో దూరింది. "అత్తా, ఇట్స్ ద సేమ్ థింగ్! నా స్కూల్‌ది, ఫ్రిజ్ మీదది!" దాని కిండర్‌గార్టెన్‌లో గోధుమరంగు కాగితంతో చేయించింది ఒకటి మా ఫ్రిజ్‌కి అంటించి ఉంది. ఇక్కడివాళ్ళు కొమ్ముని అల్లిక బుట్టలా మార్చేశారు కాబట్టి వదినగారు రోజూ దాన్ని చూస్తూ బుట్టే అనుకున్నారు. ఆ సాయంత్రం మళ్ళీ వేడి చేసిన భోజనం అందరం తిన్నాం. పెద్దావిడ పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నారు. మా వారు ద్రౌపది అక్షయపాత్ర కథ చెప్పారు. వదినగారు ఒక్క మెతుకు కూడా ఆ గుడ్డ మీద పడకుండా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

మర్నాడు నేను కాఫీ కలుపుతుంటే వెనకనుంచి వచ్చి నిలబడ్డారు.

"ఆ సంచి ఏదమ్మాయ్?"

అలా మొదలైంది. అయితే ఎదురింటి గుడ్డని చూసి మళ్ళీ అదే అల్లడానికి ఆవిడ ఒప్పుకోలేదు. "వాళ్ళ పళ్ళు వాళ్ళవి. నా కొమ్ములోంచి నావి రావాలి." ఏమేం రావాలో తేల్చుకోవడానికే ఆ చలికాలం గడిచింది. అరటి హస్తం, సీతాఫలం, తాటిముంజలు, పనసకాయ, గోధుమల బదులు వరి కంకులు. సీతాఫలం మీది బుడిపెలు దారంలోకి ఎలా వస్తాయని అల్లి విప్పి, అల్లి విప్పి చూశారు. మా పాప పక్కన కూర్చుని పొరపాట్లన్నీ అడిగి తీసుకుని బొమ్మలకి దుప్పట్లుగా కప్పేది.

శనివారాలు ఇద్దరం లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం. కొమ్ము బొమ్మలున్న పుస్తకాలు నేను వెతికి తెస్తే ఆవిడ బొమ్మలు చూసేవారు, నేను కింద ఉన్నది చదివి చెప్పేదాన్ని. పాత నాణేల మీద, చేతిలో కొమ్ము పట్టుకుని నిలబడ్డ దేవతలు. "మన లక్ష్మీదేవి చేతిలోంచి కాసులు రాల్తాయి, వీళ్ళకి కొమ్ములోంచి పళ్ళు" అన్నారు. ఇంకో కథ కూడా దొరికింది. ఒక నది ఎద్దు రూపంలో వచ్చి ఒక వీరుడితో కుస్తీ పడుతుంది. వీరుడు దాని కొమ్ము విరిచేస్తాడు. నీళ్ళలో ఉండే దేవకన్యలు ఆ కొమ్ముని పళ్ళతో పూలతో నింపుతారు. ఈ కథ ఆవిడకి భలే నచ్చింది.

"ఏటి కొమ్ము విరవడమంటే ఏంటి? ఒక పాయ పక్కకి తిప్పి కాలువ తవ్వడమే కదా! కాలువ వచ్చాక మా ఊళ్ళో పంట పండినట్టే." పుస్తకం మూసి మళ్ళీ అన్నారు. "అయితే పులస కూడా ఉండాలి."

"చేపా? పళ్ళ మధ్యలోనా?"

"గోదారి వస్తే చేప రాదా?"

ఆ రోజుల్లో మా ఇద్దరికీ కొమ్ములు చూసే పిచ్చి పట్టింది. పిండి బస్తాల మీద, విత్తనాల ప్యాకెట్ల మీద, ఎవరింట్లోనో గోడ కాగితం మీద. డౌన్‌టౌన్‌లో నది పక్కన ఒక పాత బ్యాంకు గుమ్మం పైన రాతిలో చెక్కిన కొమ్ములు రెండు ఉండేవి. వదినగారు ఫుట్‌పాత్ మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. జనం పక్కనుంచి తప్పుకుని వెళుతున్నారు. "మూతి బాగా చేశాడు. తోక దగ్గర తొందరపడ్డాడు" అని తేల్చారు. ఆవిడకి తొందరంటే గిట్టదు. నేను ఆఫీసుకి లేటై గబగబా జడ అల్లుకుంటుంటే "మెల్లిగా, దారం వింటోంది" అనేవారు. జుట్టు గురించైనా, బియ్యం కడగడం గురించైనా అదే మాట.

రెండో చలికాలానికి పని మందగించింది. ఒకరోజు పులస పూర్తయిందని చూపించారు. పొలుసులు ఒకచోట దగ్గరగా, ఒకచోట వదులుగా ఉన్నాయి. నా మొహం చూసి ఆవిడే అన్నారు. "తెల్లదారం మీద తెల్లదారం కనిపించట్లేదమ్మాయ్. కొన్నాళ్ళయింది. వేళ్ళతో పోల్చుకుని చేస్తున్నా."

శుక్లాలు. రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. ఆవిడ ఒప్పుకోలేదు. ఉన్న చూపు కూడా పోతే ఏం చెయ్యాలని భయం. మా వారు ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఎదురింటి పెద్దావిడ రోడ్డు దాటి వచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని, తన కళ్ళజోడు తీసి చేతిలో పెట్టుకున్నారు. "నాకూ చేశారు. చూడు" అని కిటికీలోంచి దూరంగా కరెంటు తీగ మీద వాలిన పిచ్చుకలని ఒకటి, రెండు, మూడు అని వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు. వదినగారు ఆ తీగ వైపు చూశారు. పిచ్చుకలు సరే, అసలు తీగే కనిపించలేదని ఆవిడ నాతో తర్వాత చెప్పారు. "సరే, చేయించుకుంటా" అన్నారు.

కట్టు విప్పిన తర్వాత ఇంటికి రాగానే ఆవిడ అడిగింది తన పని. నల్ల గుడ్డ మీద పరిచి చూసుకున్నారు. పులస దగ్గర ఆగారు. ఆ తర్వాత సూది కొనతో ఒక కుట్టు పట్టుకుని లాగి, చేప మొత్తం విప్పేశారు. ఆ ఏడు కౌంటీ ఫెయిర్‌లో, అంటే ఇక్కడి జిల్లా తిరునాళ్ళలో, పోటీకి పెడదామని మేమంతా అనుకుంటున్నాం. అది కాస్తా తప్పిపోయింది.

"పోనీ, ఎవరు చూస్తారు వదినా, అలాగే ఉంచెయ్యాల్సింది" అన్నాను.

"నేను చూస్తాగా ఇప్పుడు" అన్నారు. ఆ మాటలో ఎంత సంతోషమో!

పూర్తయిన లేసు ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో ఫెయిర్‌కి తీసుకెళ్ళాం. చేర్చుకునే బల్ల దగ్గర ఒకామె వివరాలు రాసుకుంటోంది. చేసినవారి పేరు అడిగింది. వదినగారు నాకేసి చూశారు. వాళ్ళ ఊళ్ళో ముక్క మీద పేరెవరూ పెట్టరు. నేను ఆవిడ పేరు అక్షరం అక్షరం చెప్పాను. నమూనా ఎవరిది, ఏ పత్రికలోది అని అడిగింది ఆమె. ఏ పత్రికలోదీ కాదు, ఈవిడదే అన్నాను. ఆమె తలూపి ఒక మాట రాసింది.

"ఏం రాసిందమ్మాయ్?"

"ఒరిజినల్ అని. అంటే సొంతం అని."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఆవిడ కొంగు సర్దుకుని నిలబడ్డారు.

అక్కడ న్యాయనిర్ణయం అందరి ముందూ జరుగుతుంది. మడత కుర్చీల్లో జనం కూర్చుంటే, మెడలో గొలుసుతో కళ్ళజోడు వేలాడేసుకున్న జడ్జి ఒక్కో వస్తువునీ చేత్తో పట్టుకుని, మంచీ చెడూ పైకే చెబుతుంది. వదినగారి లేసుని నల్ల గుడ్డ మీద ఇద్దరు పట్టుకుని ఎత్తితే వెనక కుర్చీల్లోవాళ్ళు లేచి చూశారు. ఒకటే కొమ్ము, ఈ మూల నుంచి ఆ మూల దాకా. అందులోంచి పనసా, అరటీ, ముంజలూ, సీతాఫలాలూ, వరి కంకులూ. అన్నిటికంటే ముందు, కొమ్ము నోట్లోంచి సగం బయటికొచ్చి తోక విదిలిస్తున్న పులస. జడ్జి కుట్లు చూసింది, వెనక్కి తిప్పి చూసింది. పని అద్భుతంగా ఉందంది. తర్వాత సందేహంగా తల వంచింది. "కానీ చేప ఎందుకు? హార్న్ ఆఫ్ ప్లెంటీలో చేపని నేనెప్పుడూ చూళ్ళేదు. అది అందులోది కాదేమో."

నేను చెబుదామని లేవబోయాను. వదినగారు నా మణికట్టు పట్టి కూర్చోబెట్టి ఆవిడే లేచారు. ఇన్నేళ్ళలో బయట ఎక్కడా ఆవిడ ఇంగ్లీషు మాట్లాడ్డం నేను వినలేదు.

"మేడమ్. గోట్ హార్న్, యువర్ స్టోరీ. రివర్ హార్న్, ఆల్సో యువర్ స్టోరీ." గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "మై రివర్... ఫస్ట్, ఫిష్ కమ్స్."

జడ్జి మళ్ళీ లేసుకేసి చూసింది, ఈసారి చేప దగ్గరనుంచి వెనక్కి, కొమ్ము తోక దాకా. తర్వాత గట్టిగా నవ్వి, మొదటి బహుమతికిచ్చే నీలం రిబ్బను తీసి నల్ల గుడ్డకి గుచ్చింది. కుర్చీల్లోంచి చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మా ఎదురింటి పెద్దావిడ, చేతికర్ర ఒళ్ళో పడేసుకుని. సాయంత్రం హాలు మూసేముందు ఊదారంగు రిబ్బను కూడా దాని పక్కకి చేరింది. అది మొత్తం ఫెయిర్‌కి ఒక్కటే ఉంటుంది. మా పాప హాలంతా పరిగెత్తుతూ "దట్స్ మై అత్తా!" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. వదినగారు ఐస్‌క్రీమ్ తింటానన్నారు. రెండు తిన్నారు.

ఆ లేసుకి తీసిన ఫోటో పట్టుకుని మా వారు ఇండియా వెళ్ళొచ్చారు. వాళ్ళ వీధిలో ముసలమ్మలంతా అరుగు మీద చేరి ఫోటో చేతులు మార్చుకున్నారట. గుండ్రాలు చేసిన ఆ స్నేహితురాలికి ఎదురింటి గుడ్డ ఫోటో కూడా చూపించారట. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "ఓసి దీని దుంపతెగ, నేను చేసినవి ద్రాక్షపళ్ళా! మిరియాలనుకున్నానే!" అని పడీ పడీ నవ్విందట. ఈ మాట వదినగారు మాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఫెయిర్ తర్వాత నేర్పమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. లైబ్రరీ కింది గదిలో శనివారాలు క్లాసు పెట్టారు. ఇక్కడి ఆడవాళ్ళు, పక్క ఊరు నేపర్‌విల్ నుంచి కారేసుకొచ్చే మన తెలుగు అమ్మాయిలు, ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు. వదినగారు మొదటి రోజే ఒక నియమం పెట్టారు. ముక్క చెయ్యడం కుదరదు. చేతిరుమాలు అంచంత చిన్నదైనా సరే, ఎవరు మొదలుపెట్టింది వాళ్ళే పూర్తిచెయ్యాలి. "హోల్. హోల్ థింగ్. యూ ఓన్లీ" అనేవారు వేలెత్తి. మన అమ్మాయి ఒకతె ఎగ్జామ్స్ ఉన్నాయి, మిగతాది మా అమ్మ చేస్తుంది ఆంటీ అంటే, "మీ అమ్మని వేరేది మొదలుపెట్టుకోమను. ఇది నీది. ఎగ్జామ్స్ అయ్యాక రా, ఇది ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ పిల్ల వచ్చింది, పూర్తి చేసింది. ఇప్పుడు ప్లేనోలో ఉద్యోగం చేస్తోంది. కబురు తెలిసి ఫోన్ చేసి, కాసేపు ఏడ్చి, "ఆంటీ, నా కర్చీఫ్ ఇంకా ఉంది" అంది.

నాకూ నేర్పారు. నా చేతికి ఆ నేర్పు లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక చిన్న ఆకు పూర్తిచేసేదాకా వదల్లేదు. అది అంకె ఎనిమిదిలా వచ్చింది. "ఆకే. గాలికి మెలి తిరిగింది" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆవిడ వెళ్ళిపోయాక చివరిచూపుకి వచ్చినవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. మాకు తెలిసిన తెలుగువాళ్ళు సరే, వాళ్ళు వస్తారు. కానీ మేం పేర్లు కూడా ఎరగని ఆడవాళ్ళు, ఒక్కొక్కరూ తామల్లిన ఏదో ఒక చిన్న లేసు పట్టుకుని వచ్చారు. బస్సు డ్రైవరు తన గ్లాసు కింద వేసే గుండ్రటి అల్లిక తెచ్చారు. అవన్నీ ఆవిడ పక్కన పెట్టారు. ఒక్కటీ సగంలో ఆగింది లేదు. ఎదురింటి పెద్దావిడని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆవిడ వదినగారి కుడిచేతి చూపుడువేలు తన చేతిలోకి తీసుకుని, ఆ గాడి మీద తన బొటనవేలు ఉంచి, అలాగే కూర్చున్నారు. మా వారు అక్క పోయిన దగ్గరనుంచి మొదటిసారి అప్పుడే గట్టిగా ఏడ్చారు. ఏడుస్తూనే "మా అక్క గెలిచిందండీ" అన్నారు, తెలుగులో, తెలుగు రానివాళ్ళతో. వాళ్ళు తలలూపారు.

పెద్ద లేసుని ఎవరికివ్వాలో వదినగారు ముందే చెప్పి ఉంచారు. పెట్టెలో పెట్టొద్దు, ఓడెక్కించొద్దు, ఊళ్ళోవాళ్ళు చూసేచోట ఉంచండి అన్నారు. లైబ్రరీవాళ్ళు దాన్ని రెండు అద్దాల మధ్య బిగించి పిల్లల గదిలో దక్షిణం కిటికీకి అమర్చారు. కింద చిన్న పలక మీద ఆవిడ పేరుంది.

పోయిన శనివారం నేనొక్కదాన్నే వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ అద్దంలోంచి పడి లేసు నీడంతా నేల మీద పరుచుకుని ఉంది. కొమ్మూ, పనసా, కంకులూ, చేపా, కుట్టుకి కుట్టు. కొత్తగా నడక నేర్చిన ఒక పాప, ఎవరి పాపో, ఆ నీడ మధ్యలో చతికిలబడింది. ఒక గుండ్రటి పండు మీద చెయ్యి వేసి ఏరబోయింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆ తర్వాత పిడికిలి గట్టిగా బిగించి, రెండో చెయ్యి నేలకి ఆనించి లేచి, పిడికిట్లో ఉన్నది జారిపోకుండా మెల్లిగా అడుగులు వేసుకుంటూ, వాళ్ళమ్మకి ఇవ్వడానికి వెళ్ళింది.